పైసా రాని పనికి పెద్దల సంతకం

"కవర్ యాడ పెట్టినవ్ నానమ్మా?"

"ఏ కవర్?"

"పోస్ట్‌మన్ చెప్పిండు. నీ చేతికిచ్చి పన్నెండు దినాలైందట."

"ఇచ్చిండు. ఇంటికొచ్చింది, తీస్కున్న."

"నా పేరు మీదొచ్చింది గద."

"నీకా పేరు పెట్టింది గూడ నేనే."

నా మనవరాలు కాలేజీ సంచి భుజాన వేలాడుతుండగానే గడప అవతల నిలబడిపోయింది. చెప్పులు విడవలేదు. చెప్పులతో లోపలికి వస్తే నేను ఊరుకోనని దానికి తెలుసు. అందుకని బయటే ఉండి కొట్లాడుతోంది. ఎంత కోపంలోనైనా ఆ మాత్రం భయం ఉన్నందుకు నాకు లోపల కొంచెం నెమ్మదిగానే అనిపించింది. నేను సూది కింద పెట్టకుండానే జవాబులు చెబుతున్నాను. వకీళ్లు మెడకు కట్టుకునే తెల్ల పట్టీలు కుట్టడం నా పని. ఎనిమిది జతలు మర్నాడు పొద్దున్నే ఇచ్చి రావాలి.

"అండ్ల ఏముందో తెలుసా నీకు?"

"తెలుసు. చదివించిన."

"ఎవలతోని?"

"నయాపూల్ కోర్టు కాడ టైపు కొట్టేటాయనతోని."

ఎదురింటామె బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ మేడ మీద నుంచి వింటోంది. మనవరాలు గొంతు తగ్గించి, నా ఉత్తరం కోర్టు ముందర కూసుండబెట్టి చదివిస్తవా అని అడిగింది. సంతకం అడిగే కాగితం వస్తే ఇంకెక్కడ చదివిస్తారని నేనూ గొంతు తగ్గించే అడిగాను. పొయ్యిలో పెట్టకుండా దాచాను, అందుకు సంతోషపడమన్నాను.

"మంచి పనైతే కాయితం ఎందుకే వాళ్లకు?"

"దొంగ పనైతే కాయితం ఎందుకు పంపుతరు? దొంగలు సంతకాలు అడుగుతరా?"

"దొంగలే అడుగుతరు."

ఈ మాట నేను ఊరికే అనలేదు. అదేమిటో చెప్పాలంటే ముందు ఈ కాగితం మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మాది శాలిబండ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. మా ఆయన నయాపూల్ దగ్గర కోర్టులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక కూడా ఆయన పేరు చెప్పి వకీళ్ల గౌన్ల పనీ పట్టీల పనీ నాకు వస్తూనే ఉండేవి. కొడుకు బొగ్గుగనిలో పని చేస్తూ భార్యతో అక్కడి క్వార్టర్లో ఉంటాడు. వాడి కూతురికి పట్నంలో ఇంజనీరింగ్ సీటు వస్తే నా దగ్గర పెట్టాడు. కాలేజీ కాగితాల్లో సంరక్షకుల పేరు అని ఉన్న ప్రతిచోటా నా సంతకమే. నేను చదివింది నాలుగో తరగతి వరకే. తెలుగులో మెల్లగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేస్తాను. చదివించుకోకుండా మాత్రం చేయను.

పిల్ల వచ్చిన ఏడాదే కొడుకు ఏదో ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటర్ ఒకటి కొని తెచ్చాడు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయిన కాలం అది. మా గల్లీలో అప్పటికి కంప్యూటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. రుబ్బురోలు జరిపి ఆ మూలన దాన్ని పెట్టాం. గౌన్ల గుడ్డలో మిగిలిన నల్ల ముక్కలు కలిపి దానికి ముసుగు కుట్టాను. అది నడిచినంతసేపు ఫ్యాన్ ఆపేదాన్ని. మీటరులో చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో వెళ్లి చూసి వచ్చేదాన్ని. పిల్ల చెమటలు కక్కుతూనే కూర్చునేది కానీ ఫ్యాన్ వేయమని ఒక్కరోజూ అనలేదు. నాకు అదే మొదటి అనుమానం. ఇష్టమైన పని ఏదో ఉంటే తప్ప ఆ వయసు పిల్లలు అంత ఉక్క ఓర్చుకోరు.

మా వైపు సాయంత్రం కరెంటు పోవడం మామూలే. ఒక సాయంత్రం అది కాలేజీకి ఇవ్వాల్సిన పాఠం ఏదో రాసి, భద్రం చేసే బటన్ నొక్కుతుండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక చూస్తే ఆ రోజు రాసిందీ లేదు, అంతకుముందు వారం రోజులు రాసిందీ లేదు. ఏడ్చింది. నోటుబుక్కులో రాసుకుంటే ఈ తిప్పలు ఉండేవి కావని చెప్పాను. కాసేపటికి ఏడుపు ఆపి గోడ చూస్తూ, "ఇయ్యాల్టిది పోతే పోయింది. నిన్నటిది ఎట్ల పోతది నానమ్మా?" అంది. ఆ ప్రశ్న దాని తలలోకి ముల్లులా దిగింది. ఇక వదల్లేదు.

అది రాస్తున్న సాఫ్ట్‌వేర్ కొన్నది కాదట. పుస్తకంతో పాటు వచ్చిన సీడీలో ఊరికే వచ్చిందట. ఓపెన్ సోర్స్ అంటారట. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూడొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. దిద్దింది బాగుంటే అందరికీ ఇచ్చేదాంట్లో కలుపుతారు. ఇదంతా అది నాకు బియ్యం ఏరుతూ చెప్పింది. ఊరికే ఇచ్చేవాళ్లు ఎవరని అడిగాను. చాలామంది, చాలా దేశాలవాళ్లు అంది. వాళ్లకేం వస్తుందని అడిగాను. ఏం రాదంది. చార్‌కమాన్ దగ్గర గాజులమ్మేవాళ్లు కూడా చేతికి వేసి చూపించేది కొంటావనే. ఊరికే ఇచ్చి, లోపలిది కూడా విప్పి చూపించే దుకాణం నేను నా జన్మలో చూడలేదు. ఆ రోజు నుంచి నేను ఒక కన్ను దాని మీదే వేసి ఉంచాను.

ఇంట్లో ఫోను లేదు. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు కంప్యూటర్ ఉత్తరాలు పంపాలంటే మెయిన్ రోడ్డు మీది నెట్ సెంటర్‌కు పోవాలి. దాన్ని ఒంటరిగా పంపలేదు. వారానికి రెండు సాయంత్రాలు నేనూ వెంట వెళ్లేదాన్ని. అంతకుముందు అదే గదిలో గడియారాలు బాగుచేసిన భాయ్ దాన్ని నడిపేవాడు. లోపల చెక్క గదులు, వాటికి కర్టెన్లు. కర్టెన్ లేని ముందు సీటులో తప్ప దాన్ని కూర్చోనిచ్చేదాన్ని కాదు. భాయ్ నాకు వెనకే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించేవాడు. నేను పట్టీలు కుట్టుకుంటూ దాని భుజం మీదుగా కంప్యూటర్ అద్దం చూసేదాన్ని. ఇంగ్లీషు నాకు రాదు. కానీ పక్క అద్దాల్లో సినిమా వాళ్లు, క్రికెట్, రంగుల బొమ్మలు ఉండేవి. దీని అద్దంలో మాత్రం వట్టి అక్షరాలు, పై నుంచి కింది దాకా.

ఒకరోజు భాయ్‌ని పిలిచి అడిగాను, ఈ పిల్ల ఏం చేస్తుందో చూసి చెప్పమని. ఆయన వచ్చి వంగి చూసి గడ్డం గోక్కున్నాడు.

"అమ్మా, పిక్చర్ నై, గేమ్ నై, చాటింగ్ నై. ఏందో నాకే సమజ్ కాలే. అసలు గిట్లాంటోళ్ల మీదనే డౌట్ రావాలె."

ఆయన నవ్వులాటకే అన్నాడు. నాకు రెండు పూటలు అన్నం సరిగ్గా దిగలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసేవాడు ఒకడున్నాడు. పిల్ల రాసిన ఉత్తరాలకు జవాబిచ్చేవాడు అతనే. అతనిది ఏ ఊరని అడిగితే తెలియదు. వయసెంతంటే తెలియదు. పెళ్లయిందా అంటే, నేనెందుకు అడుగుతా నానమ్మా అని విసుక్కుంది. జీతం లేని పని, ముఖం తెలియని మేస్త్రీ. పైగా మొదటి ఉత్తరానికి అతని జవాబు ఏమిటంటే, కరెంటు పోతే రాసింది పోవడం అతని దగ్గర ఎప్పుడూ జరగలేదట. ఎందుకు జరుగుతుంది. అతని ఊళ్లో కరెంటు పోతే కదా.

దానికి రోషం వచ్చింది. ఎలా పోతుందో చూపిస్తానని ఒక ఆదివారం కంప్యూటర్ ముందు నోటుబుక్కు పెట్టుకుని, భద్రం చేసే సమయానికి తానే ప్లగ్గు పీకడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. మిషను కాలిపోతుందని, మీ నాయన చెమటతో కొన్నదని కేకలేశాను. ప్లగ్గు పీకితే నిప్పురవ్వలు వస్తున్నాయి, కనీసం స్విచ్చు దగ్గరైనా ఆపమన్నాను. అది స్విచ్చుకూ మీటలకూ ఒకేసారి చేతులు చాచలేకపోయింది. చివరికి గోడ దగ్గర నన్ను నిలబెట్టింది. అది "ఇగో ఇప్పుడు" అంటే నేను స్విచ్చు ఆపాలి. ఆ పూట ముప్పైసార్లకు పైనే కరెంటు తీసేశాను. కొన్నిసార్లు పాతది మిగిలింది, కొన్నిసార్లు ఏదీ మిగల్లేదు. అది ఒక్కోసారీ రాసుకుంది. సంగతి ఏమిటో నాకూ తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్ పాతదాన్ని ముందు తుడిచేసి, ఆ చోటే కొత్తది రాస్తోంది. ఆ మధ్యలో కరెంటు పోతే రెండూ పోతాయి. కొత్తది పక్కన పూర్తిగా రాసి, ఆ తరువాత పాతదాని చోట పెట్టాలి. ఇంత చిన్న బుద్ధి అంత పెద్ద దేశాలవాళ్లకు లేకపోయిందేమని ఆశ్చర్యపోయాను. గౌను మీది పాత కాలరు విప్పేముందు కొత్త కాలరు కోసి పెట్టుకోని కుట్టుపనివాళ్లు ఎవరైనా ఉంటారా.

అది ఉత్తరంలో ఈ సంగతంతా రాసింది. మా నాయనమ్మ స్విచ్చు ఆపింది అని కూడా రాసింది. మూడో రోజు జవాబులో, మీ నాయనమ్మకు నా కృతజ్ఞతలు అని వచ్చింది. అది మురిసిపోతూ చదివి వినిపించింది.

"నా సంగతి వాళ్లకెందుకు చెప్పినవ్?" అన్నాను.

"మంచిగనే రాసిన నానమ్మా."

"ఇంట్ల ఎవలెవలున్నరో చెప్పినట్టే గద. ఇగ మగోళ్లెవ్వరు లేరని గూడ రాయకపోయినవ్."

ఆ తరువాత అది దిద్దుబాటు తానే రాసి పంపింది. నెల పట్టింది. అతను మెచ్చుకుంటాడని అనుకుంది. అతను తప్పులు పట్టాడు. ఒక ఉత్తరంలో ఒకే మార్పు ఉండాలి, నువ్వు మూడు కలిపేశావు. నీకు సంబంధం లేని చోట కూడా చేయి పెట్టావు. మళ్లీ చేసి పంపు. ఇదంతా అందరూ చదివేచోటే రాశాడట. నెట్ సెంటర్ నుంచి ఇంటికి నడిచి వస్తూ దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. జీతం లేకుండా తిట్లు తినే కొలువు మన వంశంలో ఎవరూ చేయలేదు, ఇక వదిలేయమన్నాను.

"తిట్లు గావు నానమ్మా. ఆయన చెప్పింది నిజమే."

అదే నన్ను భయపెట్టింది. అన్నం పెట్టే నేను ఒక మాటంటే పది మాటలు ఎదురు చెప్పే పిల్ల, ఎన్నడూ చూడని మనిషి నలుగురిలో తప్పు పడితే నిజమే అంటోంది. ఇలాంటి మాయలో పడిన పిల్లల సంగతులు మా ఆయన కోర్టు నుంచి వచ్చి చెప్పేవాడు. మళ్లీ రాసింది, మళ్లీ తప్పు పట్టాడు. నాలుగోసారికి బాగుందన్నాడు. ఆ రోజు భాయ్ కూడా సంతోషపడి ఇద్దరికీ ఇరానీ చాయ్ తెప్పించాడు. చాయ్ తాగుతుండగానే అది అసలు మాట చెప్పింది. చిన్న మార్పులైతే ఊరికే కలుపుతారట. ఇది పెద్దదైంది కాబట్టి, రాసినదాని మీద హక్కు ఆ సంస్థకు ఇస్తున్నట్టు కాగితం మీద సంతకం కావాలట. దానికి పద్దెనిమిది నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. అందుకని పెద్దల సంతకం కూడా ఉండాలట. నాకు ఆ చాయ్ సగంలోనే చల్లారింది.

కవరు వచ్చిన రోజు పిల్ల కాలేజీలో ఉంది. మందపు కవరు, మీద విదేశీ స్టాంపులు. నేను పోస్ట్‌మన్‌తో చదివించుకుని, సంతకం చేసి తీసుకుని, బియ్యం డబ్బా కింద పెట్టి, ఆ డబ్బా మీద ఇంకో డబ్బా పెట్టాను.

ఇక్కడ కార్వాన్ మాట చెప్పాలి. మా నాయన పోయినప్పుడు కార్వాన్‌లో ఆయనకు చిన్న ఇల్లుండేది. మా అన్న ఒకరోజు తెల్ల కాగితం తెచ్చి, కరెంటు మీటరు పేరు మార్చాలి, అక్కడ నీ సంతకం కావాలన్నాడు. కాగితంలో పైన రెండు వరుసలు రాసి ఉన్నాయి. మధ్యంతా ఖాళీ. కింద నేను సంతకం చేశాను. నా పేరు నేనే రాసుకున్నందుకు మెచ్చుకున్నాడు కూడా. ఆ ఖాళీలో తరువాత ఏం రాశారో రెండేళ్లకు తెలిసింది. నా భాగం నేను సంతోషంగా వదులుకున్నానట. మా ఆయన కోర్టులోనే పని చేసే మనిషి. అయినా ఏమీ చేయలేకపోయాడు, సంతకం నాదే కాబట్టి. ఆ రోజు నన్ను కూర్చోబెట్టి ఒకటే చెప్పాడు. సంతకం చేసే కాగితంలో ఖాళీ చోటు ఉంటే అడ్డంగా గీత కొట్టాలి, ఒక్క వేలు చోటు కూడా వదలొద్దు. కోర్టులో పెద్ద గుమాస్తాలు అలాగే చేస్తారట. అప్పటి నుంచి రేషన్ కార్డు కాగితాలైనా, కాలేజీ కాగితాలైనా నేను గీతలు కొట్టే ఇచ్చేదాన్ని. కాలేజీ ఆఫీసులో ఒకామె విసుక్కునేది కూడా.

కవరు వచ్చిన నాలుగో రోజు పట్టీలు ఇచ్చే పనిమీద నయాపూల్ వెళ్లినప్పుడు దాన్ని రవికలో పెట్టుకుని వెళ్లాను. కోర్టు గోడ పక్కన గొడుగు కింద టైపు కొట్టే ఆయన మా ఆయనకు దోస్తు. అద్దాలు పెట్టుకుని మూడుసార్లు చదివాడు. ముప్పై ఏళ్లుగా అమ్మకాలు, పంపకాలు, అగ్రిమెంట్లు టైపు చేసిన మనిషి. ఇలాంటిది చూడలేదన్నాడు.

"జాగ లేదు, ఇల్లు లేదు, పైకం లేదు అక్కా. పోరి రాసినదాని మీద హక్కు వాళ్లకిస్తది. ఎప్పటికీ అని రాసుంది."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ. నాకైతే దీన్ల మోసం కనిపిస్తలేదు. గట్లని మోసం లేదని నేను సంతకం చేసి చెప్పలేను."

నేను కవరు మళ్లీ డబ్బా కింద పెట్టాను. పిల్ల రోజూ పోస్ట్‌మన్‌ను అడుగుతూనే ఉంది. కవరు ఇచ్చిన మర్నాడే మా పోస్ట్‌మన్ సెలవు మీద పోతే వేరే అతను వచ్చేవాడు, అతనికేం తెలియదు. పన్నెండో రోజు పాతవాడు తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం కొట్లాటలో దొంగల మాట అయ్యాక అది సంచి భుజం మీంచి గడప అవతల దించింది. తరువాత మెల్లగా లెక్క చెప్పింది. నెలాఖరుకు కొత్త సాఫ్ట్‌వేర్ బయటికి వస్తుంది. కాగితం చేరడానికి పదిహేను రోజులు పడుతుంది. రేపు పంపితే చేరుతుంది, ఎల్లుండి అయితే చెప్పలేం. చేరకపోతే అది రాసింది తీసేసి, ఆ పని వేరే ఎవరితోనో మొదటి నుంచి రాయిస్తారు.

"మా నాయిన్ని ఎస్టీడీ బూతుల ఫోన్ చేసి అడిగిన. మీ నానమ్మ సరే అంటే సరే అన్నడు. నువ్వు పెట్టకుంటే నేను ఆర్నెల్లు చేసింది లేనట్టే."

చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. కవరు ఇమ్మని అడగలేదు. నీకేం అనుమానముందో ఒక్కొక్కటీ అడుగు, చెప్త అంది. కొట్లాడి ఉంటే నేను గెలిచేదాన్ని. లేచి డబ్బాలు జరిపి కవరు తెచ్చి దాని ముందు పెట్టాను.

ఒక్కో వరుస ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పమన్నాను. చెప్పింది. ఈ ఇంటి మాట ఎక్కడైనా ఉందా అన్నాను. లేదు. మీ నాయన జీతం మాట? లేదు. వాళ్లు నీకేమిస్తున్నారు అన్నాను. అది రాసింది ఎప్పటికీ అందరికీ ఉచితంగానే ఉంచుతామని వాళ్లు రాసిచ్చారట. తన పని తాను కూడా వాడుకోవచ్చని రాసిచ్చారట.

"నీది నువ్వు వాడుకొనుడు గూడ వాళ్లిచ్చే వరమా?"

దానికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. నేను నవ్వలేదు. రేపు ఇందులో ఏదైనా తప్పు తేలితే దండుగ ఎవరు కట్టాలని అడిగాను. అది ఆగి, వెనక్కి వెళ్లి ఒక పేరా రెండుసార్లు చదువుకుంది. దాచకుండానే చెప్పింది.

"ఇది నేనే రాసిన, ఎవలది దొంగతనం చెయ్యలే అని మాట ఇయ్యాలె. అది అబద్ధమైతే జిమ్మా నాదే."

"అబద్ధమా మరి?"

"నువ్వే చెప్పు. వెనక కుర్చీల కూసుండి నువ్వే చూసినవ్ గద అంతా."

ఆర్నెల్లు దాని భుజం మీదుగా చూసింది నేనే. ఎవరి పుస్తకంలోంచీ ఎత్తి రాయలేదు. స్విచ్చు ఆపింది నేను. కోర్టులో నిలబెట్టి అడిగినా ఆ మాట నేనే చెప్పాలి. సరే, పెడతానన్నాను. అది లేచి నా మెడ చుట్టూ చేతులు వేయబోతే సూది గుచ్చుకుంటుందని తోసేసి, పోయి పొయ్యి మీద పప్పు చూడమన్నాను.

అది వంటింట్లో ఉండగా నేను అద్దాలు పెట్టుకుని, దాని పెన్ను తీసుకుని పనికి కూర్చున్నాను. కవరులో కాగితం రెండు ప్రతులున్నాయి. మొదటి ప్రతి తీసి, పై నుంచి ప్రతి ఖాళీకీ అడ్డంగా గీత కొట్టాను. పేరాల మధ్య, పక్కన, కింద. స్కేలు పెట్టి నీటుగా కొట్టాను. నా సంతకం చోటు వదిలి, దాని కింద ఉన్న ఖాళీ చోట్లకు రెండేసి గీతలు కొట్టాను, ఎందుకంటే అక్కడ చాలా చోటుంది. అది చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"నానమ్మా, అది వాళ్లు సంతకం చేసే జాగ."

"నాకేం తెలుసు?"

"వాళ్ల సంతకం, తారీకు గక్కడనే వెయ్యాలె. ఇగ ఇది చెల్లదు."

రెండో ప్రతి నా ఒళ్లో ఉంది. దాన్ని తీసుకుని గుండెలకు ఆనించుకుంది. ఇది మాత్రం ముట్టకు అంది. ఏడవలేదు, అరవలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. అయినా నేనూ దిగి రాలేదు. ఖాళీ చోటు ఉన్న కాగితం మీద సంతకం పెట్టనని చెప్పాను. ముందు వాళ్లను పెట్టి పంపమను, అప్పుడు పెడతానన్నాను.

"వాళ్లు గూడ గట్లనే అన్రు. ముందు మీరు పెట్టున్రి అని పంపిన్రు. ఎవలో ఒకలు ముందు పెట్టాలె గద."

"గా ఒకలు నేనే ఎందుకు గావాలె?"

అది కాగితాన్ని లెక్కల పుస్తకంలో పెట్టి సంచిలో దాచుకుంది. పప్పు అన్నం ఇద్దరం ఒకే గదిలో చెరో గోడకు ఆనుకుని తిన్నాం.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, దాని టిఫిన్ డబ్బా కట్టి, కాగితం తెమ్మన్నాను. అది ముందు తన సంతకం చేసింది. దాని కింద పెద్దల సంతకం అన్నచోట నేను తెలుగులో నా పేరు రాశాను. కింద వాళ్ల చోటు ఎలా ఉందో అలాగే వదిలేశాను. మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ దుకాణం తీయగానే ఆ కాగితానికి రెండు జిరాక్సులు తీయించాను, మా చేతి నుంచి వెళ్లేటప్పుడు ఆ చోటు ఖాళీగానే ఉందని తెలియడానికి. దుకాణపతనితో వాటి వెనక తారీకు వేయించి, అతని సంతకం కూడా తీసుకున్నాను. అతను ఎందుకని అడిగాడు, పెట్టమన్నాను, పెట్టాడు. పోస్టాఫీసులో కవరు తూచి స్టాంపులు వేసి రసీదు ఇచ్చారు. పిల్ల అక్కడి నుంచే కాలేజీ బస్సెక్కింది. నేను నయాపూల్ వెళ్లి ఎనిమిది జతల పట్టీలు ఇచ్చి వచ్చాను.